అడుగున పేరున్న గిన్నెలు

హికరీ లోయ, కెంటకీ
సెప్టెంబరు 22, 1994

ఐవా అక్కా,

నువ్వు బాగానే ఉన్నావని నాకు తెలుసు. లేకపోతే ఈపాటికి డేటన్ నుంచి వరసగా ఉత్తరాలు దిగేవి, అన్నింటిలోనూ తప్పు నాదే అయ్యేది.

ఇక్కడి సంగతి. నన్ను బళ్ళో వేశారు. నవ్వకు. వెల్ఫేర్ ఆఫీసుకి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. నా కూతురు ట్రెసా కంటే ఓ నాలుగేళ్ళు పెద్దదేమో. నన్ను కూర్చోబెట్టి, "డెల్ఫియా గారూ, మీరు ఎనిమిదో తరగతిలో ఆగిపోయారు. మంగళ, గురువారాలు సాయంత్రం చర్చి కింద గదిలో క్లాసు. వెళ్తే మీ సాయం చెక్కు వస్తుంది, మానేస్తే కోత పడుతుంది" అంది. "చిన్నప్పుడు మానేస్తే ఎవరూ ఏమీ కొయ్యలేదే తల్లీ!" అన్నాను. నవ్వలేదు. నవ్వు వాళ్ళ జీతంలో కలవదు కాబోలు.

కోతకి భయపడి వెళ్తున్నాననుకోకు. వచ్చే జూన్‌లో ట్రెసాకి పద్దెనిమిది నిండుతాయి. ఇంట్లో చిన్నపిల్ల లేకపోతే చెక్కూ లేదు. నేను బడికెళ్ళినా ఆగుతుంది, బావిలో దూకినా ఆగుతుంది. ఆస్పత్రి వంటింట్లో పని ఉందిగానీ, హైస్కూలు పరీక్ష పాసైన కాగితం లేకపోతే ఆలుగడ్డ కూడా చెక్కనివ్వరట. మే నెలలో పరీక్ష. అది గట్టెక్కాలి, లేదా జూన్ నుంచి గాలి భోంచెయ్యాలి.

క్లాసంతా మన లోయ ఆడవాళ్ళే. ఆదివారం బైబిలు పాఠానికొచ్చే చంటిపిల్లల కుర్చీలు వేశారు మాకు. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. మొదటిరోజే టీచరమ్మ సొరుగులో రబ్బరు పాముని పెట్టాను. మిసెస్ ప్రాటర్ దాన్ని తోక పట్టుకుని తీసి, "కొత్తగా చేరిందా? పేరు రాసుకోనా?" అంది. ఈవిడతో కాస్త జాగ్రత్తగా ఉండాలి.

నా ట్రక్కు చచ్చింది. నాతోపాటే క్లాసులో చేరిన గోల్డీ తన కారులో ఎక్కించుకెళ్తోంది.

అమ్మ గోధుమరంగు గిన్నె ఇంకా నీ దగ్గరే ఉంది. నేనేం అడగట్లేదు, ఉందని చెబుతున్నాను. అడుగున అమ్మ పేరు రాసిన టేపు అలాగే ఉందా, పీకి పారేశావా?

నీ చెల్లెలు,
డెల్ఫియా


డేటన్, ఒహాయో
అక్టోబరు 9, 1994

డెల్ఫియా,

ఈ వయసులో నిన్ను చంటిపిల్లల కుర్చీలో కూర్చోబెట్టి శిక్ష వేస్తుంటే నీకు వేళాకోళంగా ఉందా? నేను ఆరో తరగతిలో మానేశాను. ఏం తక్కువైంది? ఇల్లుంది, కారుంది, మీ బావ ఉన్నాడు.

మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వసంతానికి ఒక చోటు ఖాళీ అవుతుంది. ఫోర్‌మన్‌తో మాట్లాడాను. మార్చి మొదటికల్లా ట్రెసాని తీసుకుని వచ్చెయ్యి. మా మేడ మీద గది ఊరికే పడి ఉంది.

గిన్నె విషయం. అమ్మ తన నోటితో "ఐవా, ఇది నీది" అంది. నువ్వప్పుడు పెరట్లో పాస్టరుగారి టోపీలో కోడిగుడ్డు పెడుతున్నావు, అందుకని వినలేదు. టేపు అలాగే ఉంది.

దేవుడు నీకు కాస్త బుద్ధి ఇవ్వాలని ప్రార్థిస్తూ,
ఐవా


హికరీ లోయ
నవంబరు 11, 1994

అక్కా,

ఎక్కువ రాయడానికి వీల్లేదు, పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి.

క్లాసు పలచబడుతోంది. ఒకామె పిల్లాడికి దగ్గు, ఒకామె కారుకి దగ్గు. ఇప్పుడు గోల్డీ. పాపం, నీకు తెలిసుండదు. నిన్నటితో అంతా అయిపోయింది. ఇక రాదు. రేపు మేమంతా గిన్నెల్లో వంటలు పట్టుకుని వాళ్ళింటికి పరామర్శకి వెళ్తున్నాం. ఎస్టిల్ మొహం చూడాలంటే ఎలాగో ఉంది. ఆ మొగుడే లేకపోతే ఇంత దూరం వచ్చేదే కాదు.

నల్లబట్టలు ఇస్త్రీ చేసుకోవాలి. ఉంటాను.

డెల్ఫియా


డేటన్
నవంబరు 21, 1994

నా చిట్టి చెల్లీ,

నీ ఉత్తరం చదివి వంటింట్లోనే కూలబడ్డాను. గోల్డీ! నాతోపాటు వాగులో ఎండ్రకాయలు పట్టిన గోల్డీ! ఎస్టిల్‌కి వెంటనే సంతాపం కార్డు పంపాను, తెల్ల లిల్లీపూల బొమ్మ ఉన్నది. ఆదివారం మా చర్చిలో ఆమె ఆత్మశాంతికి ప్రార్థన చేయించాను. మన కొండల నుంచి వచ్చినవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు.

ఏమైందో రాయలేదు నువ్వు. రాయకపోయినా నాకు అర్థమైంది. ఇన్నేళ్ళు ఖాళీగా ఉన్న బుర్రకి ఒక్కసారి అంత బరువెత్తితే ఏమవుతుంది? ఎస్టిల్‌ని అని ఏం లాభం? ఆ చదువే ఆమెని పొట్టన పెట్టుకుంది. నువ్వు రేపే మానెయ్యి. నిన్ను కూడా పోగొట్టుకోలేను.

నీ అక్క,
ఐవా


హికరీ లోయ
నవంబరు 28, 1994

అక్కా,

ముందు కూర్చో. గోల్డీ బతికే ఉంది. ఇప్పుడు నా ఎదురుగానే ఆలుగడ్డలు నములుతోంది. నీకు నమస్కారం చెప్పమంటోంది. తన కోసం అంతమంది ఏడ్చారని విని చాలా సంతోషించింది.

పోయింది గోల్డీ కాదు, గోల్డీ చదువు. ఎస్టిల్ ఉన్నాడే, "చదువుకున్న పెళ్ళాం ఇంట్లో రెండో మొగుడు" అని కారు తాళం దాచేశాడు. అది మానేసింది. వెల్ఫేర్ అమ్మాయి హెచ్చరిక పంపినా కదల్లేదు. అప్పుడు నాకు బుద్ధి పుట్టింది. మన లోయలో ఎవరైనా పోతే ఏం చేస్తాం? గిన్నెలు పట్టుకెళ్తాం. మరి చదువు పోతే?

క్లాసంతా నల్లబట్టలేసుకుని బయల్దేరాం. మిసెస్ ప్రాటర్ కూడా వచ్చింది, ఎండు ఆపిల్ పొరల కేకు పట్టుకుని. ఎస్టిల్ తలుపు తీసి తెల్లబోయాడు.

"ఎవరు పోయారు?"

"గోల్డీ చదువు పోయిందట కదా ఎస్టిల్! ఎంత చిన్న వయసు! సమీకరణాలైనా చూడకుండానే పోయింది" అని నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

"నీకు పిచ్చా డెల్ఫియా?"

"దుఃఖంలో ఏవేవో అంటారు. మేం పట్టించుకోంలే. ప్లేట్లు ఎక్కడుంటాయి?"

కూర్చున్నాం. తిన్నాం. "చివరి రోజుల్లో ఎలా ఉండేది?" అని మిసెస్ ప్రాటర్ గోల్డీని అడిగింది. మొహంలో ఒక్క గీత కదల్లేదు. "దశాంశాల దాకా బాగానే ఉందండీ" అంది గోల్డీ, ఏప్రన్‌లో మొహం దాచుకుని. ఏడుస్తోందో నవ్వుతోందో ఎస్టిల్‌కి అర్థం కాలేదు. చివరికి వాడూ రెండుసార్లు వడ్డించుకున్నాడు.

గిన్నెలన్నీ అక్కడే వదిలి వచ్చేశాం. ఇక్కడుంది కిటుకు. ప్రతి గిన్నె అడుగునా టేపు, దాని మీద ఒక పేరు. పరామర్శ గిన్నె ఇంట్లో ఉంచుకుంటే అరిష్టం, తిరిగివ్వకపోతే అప్రతిష్ఠ. ఇంటింటికీ తిరగాలంటే సగం లోయ చుట్టాలి. అందరూ ఒక్కచోట దొరికేది ఎక్కడ? మంగళవారం, చర్చి కింద గదిలో. ఎస్టిల్ కారు తాళం బయటికి తియ్యక తప్పలేదు, గోల్డీ గిన్నెలు పట్టుకుని వచ్చింది. వచ్చినదాన్ని పుస్తకం తియ్యమంటే తీసింది.

ఆ తర్వాత నీ కార్డు వచ్చింది. అక్కా, నేను జన్మలో చేసిన అల్లరంతా ఒక ఎత్తు, నీ కార్డు ఒక ఎత్తు. "మీ ప్రియసతి మరణానికి" అని చదివి ఎస్టిల్ పోస్టు పెట్టె దగ్గరే కూర్చుండిపోయాడట. లోపలికెళ్ళి, గోల్డీ భుజం తట్టి చూసి, మళ్ళీ బయటికొచ్చి కార్డు చూశాడట. పిట్ట ఇంట్లో దూరితేనే చావు శకునమని మూడురోజులు నిద్రపోడు ఆ మనిషి. మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"కార్డు ముందొచ్చిందంటే మనిషి వెనకాలే పోతుందంటారు. ఏం చెయ్యాలి డెల్ఫియా?"

"సగంలో చదువున్న మనిషిని చావు ముట్టదని మా తాత అనేవాడు" అన్నాను. తాత ఎప్పుడూ అలా అనలేదు. ఆయనకి సంతకమే రాదు.

"పాసైతే?"

"కాలేజీ ఉందిగా."

ఇప్పుడు ఎస్టిల్ స్వయంగా కారు నడిపి గోల్డీని దింపుతున్నాడు. దారిలో నన్నూ ఎక్కించుకుంటున్నాడు. వర్షమొచ్చినా, మంచు పడినా మానడు.

నీకు రుణపడి ఉన్న,
డెల్ఫియా


డేటన్
డిసెంబరు 12, 1994

డెల్ఫియా,

నీతో మాట్లాడకూడదనుకున్నాను. కానీ ఉత్తరం రాయకపోతే నీకు అది తెలియదు కదా అని రాస్తున్నాను.

చేసిన ప్రార్థన వెనక్కి తీసుకోవడం ఎలాగో మా పాస్టరుకి తెలియదట. ఇంతవరకు అవసరం పడలేదట. పోయిన ఆదివారం లేచి నిలబడి, గోల్డీ బతికే ఉందని నేనే చెప్పాల్సి వచ్చింది. వెనక బెంచీలో ఎవరో "దేవుడి మహిమ" అన్నారు. నేను సరిదిద్దలేదు.

గోల్డీ నాకు ఉత్తరం రాసింది. దాని చేతిరాత ఇంత కుదురుగా ఎప్పుడుండేది? దానికి జవాబు రాశాను.

క్యాంటీన్‌లో చోటు మార్చిదాకా ఆపమన్నాను. నీ గిన్నెల గోల నీ పొట్ట నింపదు.

మీ టీచరమ్మ చెప్పే పుస్తకం పేరేమిటి? ఊరికే అడుగుతున్నాను.

ఐవా


హికరీ లోయ
ఫిబ్రవరి 20, 1995

అక్కా,

పుస్తకం పేరు వెనక పేజీలో రాశాను. నీకెందుకో నాకు తెలియదుగానీ, కిటికీకి అడ్డం పెట్టుకోవడానికైతే ఇంకా మందం కావాలి.

మా క్లాసు ప్రసిద్ధికెక్కింది. చుట్టుపక్కల క్లాసులన్నీ క్రిస్మస్‌కే ఖాళీ అయ్యాయట. మా దగ్గర మానేసిన వాళ్ళు కూడా మళ్ళీ కుర్చీల్లో ఉన్నారు. ఎందుకో కనుక్కోమని యూనివర్సిటీ నుంచి ఒకాయనని పంపారు. పేరు ఫిలిప్. సన్నగా పొడుగ్గా, గొడుగుకి కోటు తొడిగినట్టుంటాడు. సాయం చెక్కు తీసుకునేవాళ్ళు బళ్ళో ఎన్నాళ్ళు ఉంటారు, ఎందుకు మానేస్తారు అన్నది ఆయన చదువట. దాని మీద కూడా చదువుంది అక్కా.

"మీ ఇంటి నుంచి క్లాసు ఎంత దూరమండీ?" అన్నాడు.

"వెళ్ళేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ" అన్నాను.

"మానేయాలని ఎప్పుడైనా అనిపించిందా?"

"మంగళ, గురువారాల్లో మాత్రమే."

"మరి ఎందుకు ఉన్నారు?"

"మానేస్తే వీళ్ళంతా భోజనం పట్టుకొస్తారు బాబూ. ఆ భయం."

కలం ఆపి చూశాడు. మంచి మనిషే. దాన్ని తన ప్రశ్నల కాగితంలో ఏ గడిలో రాయాలో తెలియక పాపం చెమట పట్టింది. పిల్లలు, వాహనం, భర్త, వయసు, అన్నింటికీ గడులున్నాయి, గిన్నెలకి లేదు. గోల్డీ ఆయనకి గిన్నెడు చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె కట్టి పంపింది. తర్వాతి గురువారం అంత దూరం నుంచి గిన్నె తిరిగివ్వడానికి వచ్చాడు. వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి సమీకరణాలు చెప్పించాం. వెళ్ళేటప్పుడు ఇంకో గిన్నె ఇచ్చాం. ఇప్పుడు ప్రతివారం వస్తున్నాడు. ఎందుకు వస్తున్నాడో తన కాగితంలో ఏ గడిలో రాసుకుంటున్నాడో!

నమూనా పరీక్ష పెట్టారు. మార్కులు మొన్న ఇచ్చారు. ఇక్కడ చలి బాగా ఉంది.

డెల్ఫియా


హికరీ లోయ
మార్చి 14, 1995

అక్కా,

క్యాంటీన్‌లో చోటు ఇంకా ఉందా? ఉంటే వస్తాను. ట్రక్కు పనిచేయడంలేదు, క్లాసుకి వెళ్ళడం కుదరడంలేదు. ట్రెసా స్కూలు అవగానే బయల్దేరతాం.

డెల్ఫియా


డేటన్
మార్చి 20, 1995

డెల్ఫియా,

నీ ఉత్తరంలో ఒక్క ఎత్తిపొడుపు లేదు. మీ బావకి చదివి వినిపిస్తే, "జ్వరమేమో, ఫోన్ చెయ్యి" అన్నాడు. నీకు ఫోన్ లేదని గుర్తుచేశాను.

ట్రక్కు సెప్టెంబరులో చచ్చింది. ఎన్నిసార్లు చస్తుంది? ఎస్టిల్ కారు నీ గుమ్మం ముందు ఆగి హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోతోందని గోల్డీ రాసింది. ఇంకొకటి కూడా రాసింది. నమూనా పరీక్షలో నువ్వు తప్పలేదట. క్లాసందరిలోకీ ఎక్కువ మార్కులు నీవేనట. మరుసటి మంగళవారం నుంచి మానేశావట. తప్పి మానేసినవాళ్ళని చూశాను. పాసై మానేసినదాన్ని నిన్నే చూస్తున్నాను.

క్యాంటీన్ సంగతి. ఆ చోటుకి కూడా ఇప్పుడు హైస్కూలు కాగితం అడుగుతున్నారు. ఫోర్‌మన్ తల దించుకుని చెప్పాడు. నా మేడ మీద గది మాత్రం ఏ కాగితం అడగదు. కానీ జూన్ తర్వాత నువ్వూ ట్రెసా ఏం తింటారు?

నిజం రాయి. వేళాకోళం లేకుండా రాయి. నీకు వచ్చో రాదో.

అక్క


హికరీ లోయ
మార్చి 29, 1995

అక్కా,

సరే, రాస్తున్నా.

నేను ఇన్నేళ్ళూ ఏదైనా చెడితే, "చదువు లేదు గనక" అనేదాన్ని. పని దొరక్కపోతే చదువు లేదు గనక. ఆ తాగుబోతుని కట్టుకున్నది చదువు లేదు గనక. ఆ మాట మన పాత రగ్గులాంటిది. ఎంత చలికైనా సరిపోయేది. మార్కులు ఇచ్చినరోజు మిసెస్ ప్రాటర్ నా భుజం మీద చెయ్యేసి, "డెల్ఫియా, మే నెలలో నువ్వు కళ్ళు మూసుకుని రాసినా పాసవుతావు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. పాసైపోయి, ఆస్పత్రి వంటింటికి వెళ్ళి, అక్కడ నేను పనికిరాకపోతే? అప్పుడేం చెప్పను? చదువుంది కదా! ఇక మిగిలేది నేనే.

మానేస్తే కనీసం ఆ రగ్గయినా ఉంటుంది.

ట్రెసా ఏమీ అనడంలేదు. నాకు వినబడేలా గట్టిగా లెక్కలు చేస్తోంది. కావాలనే తప్పు చేస్తోంది. నేను దిద్దకుండా పళ్ళు బిగపట్టుకుంటున్నాను.

ఇది ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా గోల్డీకి.

డెల్ఫియా


హికరీ లోయ
ఏప్రిల్ 24, 1995

ఐవా అక్కా,

చెప్పవద్దన్నాను కదా! నీకు రహస్యం చెప్పడం కంటే చర్చి గంటకి చెప్పడం మేలు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం వరండాలో చిక్కుడు విత్తనాలు ఏరుతున్నాను. కింద మలుపు దగ్గర నల్లబట్టల గుంపు కనబడింది. ఎవరు పోయారా అనుకున్నాను. గిన్నెలు కనబడ్డాయి. అప్పుడు అర్థమైంది, పోయింది మన ఇంట్లోనే అని. లోపలికెళ్ళి గడియ పెడదామనుకుంటే గుమ్మంలో ట్రెసా నిలబడింది, చర్చికి వేసుకునే నల్లగౌనులో. "రండి, రండి. అమ్మ చాలా దిగులుగా ఉంది" అని వాళ్ళని పిలిచింది. నేను కన్న పాము, రబ్బరుది కూడా కాదు.

మిసెస్ ప్రాటర్, గోల్డీ, క్లాసంతా. వెనకాల ఫిలిప్, చేతిలో కొనుక్కొచ్చిన కేకు. దాని అడుగున కూడా టేపు అంటించి పేరు రాశాడు. ఎవరు నేర్పారో! ఎస్టిల్ టోపీ చంకలో పెట్టుకుని నా కుర్చీ పక్కన నిలబడి నాలుగు మాటలు మాట్లాడాడు.

"డెల్ఫియా చదువు నాకు బాగా తెలుసు. నా కారులోనే తిరిగేది. దారంతా వాగేది. సగంలో చదువున్న మనిషిని చావు ముట్టదని దాని తాత అన్నాడట. ఇప్పుడు ఈవిడ మానేసింది. మరి జాగ్రత్త డెల్ఫియా, మెట్లు చూసి దిగు."

"ఆ మాట తాత అనలేదురా ఎస్టిల్, నేనే కల్పించాను" అన్నాను.

"నాకు క్రిస్మస్‌కే తెలుసు. మీ తాత మాకు దూరపు చుట్టం. ఆయన నోటెంట రెండు మాటలు కలిపి రాగా నేనెప్పుడూ వినలేదు" అన్నాడు.

"మరి తెలిసీ ఎందుకు దింపుతున్నావు?"

టోపీ కేసి చూస్తూ, "అది ఇంటికొచ్చేటప్పుడు పాడుకుంటూ వస్తోంది" అన్నాడు. గోల్డీ కిటికీ వైపు తిరిగింది.

తిన్నారు. నా చదువు మంచితనం గురించి పొగిడారు. వెళ్ళిపోయారు. బల్లంతా గిన్నెలు. ఒక్కొక్కటే ఎత్తి అడుగున పేరు చూస్తున్నాను. గోల్డీ, ప్రాటర్, ఫిలిప్. అన్నింటి వెనక గుడ్డ కప్పిన ఒకటి ఉంది. గుడ్డ తీశాను.

అమ్మ గోధుమరంగు గిన్నె.

శుక్రవారం ఎస్టిల్ తమ్ముడు డేటన్ నుంచి వస్తూ ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. నిండా నీ చేతి కోడికూర, పిండిముద్దలతో. చల్లారిపోయింది. అలాగే నిలబడి తిన్నాను. ఖాళీ అయ్యాక తిరగేసి చూశాను. "మ్యాటీ" అని అమ్మ పాత టేపు, పక్కనే కొత్త టేపు మీద "ఐవా". దాని కింద చిన్న అక్షరాలతో నువ్వు రాసింది చదివాను. మళ్ళీ చదివాను. "ఇది నీకిచ్చింది కాదు. తెచ్చి నా చేతికివ్వు. మంగళ, గురువారాలు సాయంత్రం ఇంట్లో ఉండను."

మంగళ, గురువారాలు!

ఆ పుస్తకం కిటికీకి కాదన్నమాట.

రేపు మంగళవారం. ఇక్కడి గిన్నెలు తిరిగివ్వాలి, ఇంట్లో ఉంచుకుంటే అరిష్టం. ఎస్టిల్ హారన్ కొడితే ఎక్కుతాను. ఊరికే గిన్నెలు ఇవ్వడానికే.

నీ చెల్లెలు


హికరీ లోయ
జూన్ 12, 1995

ఐవా అక్కా,

పరీక్ష రాశాను. ఆస్పత్రి వంటింటావిడ వచ్చే సోమవారం నుంచి రమ్మంది. పనికొస్తానో లేదో అప్పుడు తెలుస్తుంది. ఆవిడకి ముందే చెప్పాను, పనికిరాకపోతే ఈసారి తప్పు నాదేనని. "మంచిది, ఎవరిని తిట్టాలో తెలిసింది" అంది. ఈవిడతో కూడా కాస్త జాగ్రత్తగా ఉండాలి.

దశాంశాలు కష్టంగా ఉన్నాయని గోల్డీకి రాశావట. నాకు రాయలేదు. కష్టంగానే ఉంటాయి. మానేస్తే మాత్రం ముందే చెబుతున్నాను, ఎస్టిల్ కారు డేటన్ దాకా వస్తుంది, నల్లబట్టలు ఇస్త్రీ చేసే ఉన్నాయి.

ఈ బుధవారం బస్సుకి ట్రెసా, నేను వస్తున్నాం. నువ్వు ఇంట్లో ఉండే రోజు చూసుకునే బయల్దేరుతున్నాం. అమ్మ గిన్నె ఒళ్ళో పెట్టుకుని తెస్తాను. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని అమ్మ అనేది, అందుకని అందులో ఒక కాగితం పెట్టి గుడ్డ కప్పాను. నీ అంతట నువ్వే తీసి చూడు.

ఈసారి రబ్బరు పాము కాదు.

డెల్ఫియా